వదులు తాడు

డాక్టరమ్మ ఇచ్చిన కాగితం నిండా బొమ్మలున్నాయి. టోపీ పెట్టుకున్న మనిషి, గడ్డం మనిషి, గొడుగు పట్టుకున్న మనిషి, చిన్నపిల్ల, సైకిలు, మెట్లు, పిల్లి, ఇంకో కుక్క. ఒక్కో బొమ్మ పక్కన ఒక ఖాళీ గడి. నా చదువు మూడో తరగతితో ఆగింది గనక, రాతకి బదులు బొమ్మలుండటం మంచిదే అయింది.

"తాతగారూ, దీనికిప్పుడు తొమ్మిది వారాలు. పదహారు వారాలు నిండేలోపు ఇవన్నీ చూడాలి, వినాలి, వాసన చూడాలి. ఓ వంద మంది మనుషుల్నైనా కలవాలి. ఆ తర్వాత కొత్తదేది కనబడినా భయపడుతుంది. భయపడే కుక్కే కరుస్తుంది," అంది ఆవిడ. పశువుల డాక్టరు. మా అబ్బాయి కన్నా పదేళ్ళు చిన్నదై ఉంటుంది.

"వంద మందా?" అన్నాను.

"కనీసం."

మా వీధిలో ముప్పై ఏళ్ళుగా ఉంటున్నాను. నేనే వంద మందితో మాట్లాడి ఉండను. కుక్కపిల్ల బల్ల మీద కూర్చుని నా చొక్కా గుండీ నములుతోంది. గుండీ ఊడింది. డాక్టరమ్మ దాని నోట్లో వేలు పెట్టి గుండీ తీసి నా చేతిలో పెట్టింది.

కుక్క నాది కాదు. మా ఆవిడది. మా కింది వాటాలో ఉండే టైలరమ్మ చుట్టాలింట్లో ఐదు పిల్లలు పుడితే, గోధుమరంగుది, ఎడమ చెవి మడత పడ్డది ఒకటి ఎంచుకుని కొంగులో పెట్టుకుని తెచ్చింది. ఎందుకే ఇది అంటే, "ఇంట్లో మాట్లాడేవాళ్ళు ఎలాగూ లేరు, కనీసం మొరిగేదైనా ఉండనీ" అంది. పాలు నేల మీద పెడితే తాగదు, గిన్నె చేత్తో పట్టుకోవాలి. అందుకని దానికి దొరసాని అని పేరు పెట్టింది.

నాది కప్పీ పని. మేడ మెట్లమీద ఎక్కించడానికి వీల్లేని బీరువాలు, నిలువుటద్దాలు, మంచాలు బయటివైపు నుంచి కప్పీకి తాడు వేసి పైకి లాగడం. ముప్పై ఎనిమిదేళ్ళు చేశాను. ఆ పనిలో మూడే మాటలు. లాగు, ఆపు, దించు. ఆ మూడు ముక్కలతోనే సంసారం కూడా నెట్టుకొచ్చాడని మా ఆవిడ కనబడ్డవాళ్ళందరికీ చెబుతుంది. 

దొరసాని వచ్చిన ఎనిమిదో రోజున ఆవిడ స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత ఎముకల ఆసుపత్రి వెనకే ఉన్న, మళ్ళీ నడక నేర్పే వార్డుకి మార్చారు. ఆరు వారాలు పడుతుందన్నారు.

ఆసుపత్రి వరండాలో మా అబ్బాయి నన్ను పక్కకి పిలిచాడు. బస్సుల షెడ్డులో మెకానిక్కు వాడు. గోళ్ళలో నల్లగా ఉంటుంది ఎప్పుడూ.

"నాన్నా, అమ్మ ఇంటికొచ్చాక మేం ముగ్గురం వచ్చి మూడు నెలలు మీ దగ్గరే ఉంటాం. అమ్మని చూసుకోడం నీ ఒక్కడి వల్ల కాదు."

"ఊఁ."

"పాప పాకుతోంది. కనబడ్డదల్లా పట్టుకుని లాగుతోంది. ఆ కుక్కపిల్ల పాపమీద ఒక్కసారి గుర్రుమన్నా సరే, ఇంట్లో ఉండటానికి వీల్లేదు. మా షెడ్డు కాపలా అతను తీసుకెళ్తానన్నాడు."

"అమ్మకి చెప్పావా?"

"నువ్వు చెప్పు."

"నేనా?"

"చెప్పవులే. నీ సంగతి నాకు తెలీదా," అని వాడే లోపలికెళ్ళి చెప్పాడు.

నేను వెళ్ళేసరికి ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. అలిగినప్పుడు గోడవైపు తిరిగి పడుకోవడం ఆవిడకి అలవాటు. తుంటికి వేసిన కట్టు తిరగనివ్వడం లేదు. అందుకని కళ్ళు మాత్రం మూసుకుంది. మధ్యాహ్నం పెట్టిన పళ్ళెం అలాగే ఉంది.

"ఏమయ్యా," అంది కళ్ళు తెరవకుండానే.

"ఊఁ."

"దానికి మనుషుల్ని అలవాటు చెయ్యి."

"నాకే అలవాటు లేదు."

"అదే నా ఖర్మ," అంది. "అది లేని ఇంటికి నేను రాను. వచ్చినా ఏం చేస్తాను, నీ మొహం చూస్తూ కూర్చుంటానా?" అంది.

అందుకని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

టీకాలు పూర్తయ్యేదాకా దాన్ని వీధిలో కింద పెట్టకూడదన్నారు. అలాగని ఇంట్లో ఉంచితే పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది. జిప్పున్న గోనె సంచీలో పాత తువ్వాలు పరిచి దాన్ని కూర్చోబెట్టి, తల బయటికి ఉంచి, సంచీ మెడకి తగిలించుకున్నాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మధ్యలో రెండుసార్లు పెరట్లోకి. దాని బరువు పెద్దదేం కాదు. ఇంతకన్నా వందరెట్లు పైకెత్తిన భుజమే. అయినా ఇంటికొచ్చేసరికి మెడ పట్టేసేది. కూర్చుంటే లేవాలనిపించేది కాదు. కూర్చోగానే అది ఉచ్చ పోసేది. తుడవడానికి లేచేవాణ్ణి.

మొదట సెలూన్ అతని దగ్గరికి వెళ్ళాను.

"ఏం పెద్దాయనా, నెలకోసారి కనబడే మనిషివి. మొన్ననే కదా చేయించుకున్నావ్?"

"దీనికోసం."

"కుక్కకి క్రాపా?"

"కాదు. చూపించడానికి."

"ఏం చూపించడానికి?"

"నిన్ను."

అతను కత్తెర పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కుర్చీలో నురగ పూసుకుని కూర్చున్నాయన అద్దంలోంచి మా ఇద్దర్నీ చూశాడు. తర్వాత సెలూన్ అతను, "నేను పుట్టి నలభై ఏళ్ళయింది, నన్ను చూడ్డానికి వచ్చిన మొదటి ఆడది ఇదేనయ్యా," అని సంచీలో చెయ్యిపెట్టి దాని గడ్డం గోకాడు. జుట్టు ఆరబెట్టే యంత్రం ఆన్ చేసి వినిపించాడు. అది ఆవులించింది.

ఇంటికొచ్చి కాగితం వెనక రెండు గీతలు గీశాను. నురగాయన కూడా మనిషే కదా.

అలా మొదలైంది. పోస్టాఫీసు కిటికీ దగ్గర వరసలో నిలబడేవాణ్ణి, ఏ పనీ లేకపోయినా. నా వంతు వచ్చాక పక్కకి తప్పుకుని మళ్ళీ చివర నిలబడేవాణ్ణి. మూడోరోజు కిటికీలో ఉండే ఆవిడ, "ఏం కావాలండీ మీకు అసలు?" అంది. చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూపించి, రెండుగా వేసుకోమంది. బడి వదిలే వేళకి గేటు దగ్గర నిలబడితే పిల్లలు మూగేసేవారు. ముట్టుకోవచ్చా తాతా, కరుస్తుందా తాతా, దీని పేరేంటి తాతా, దీని అమ్మ ఏది తాతా. ఒకదానికి జవాబు చెప్పేలోపు నాలుగు ప్రశ్నలు. వెల్డింగు షాపులో నిప్పురవ్వలు, మొహానికి ముసుగు వేసుకున్న మనిషి. ప్రింటింగు ప్రెస్సు. బస్టాండు. స్టేషనరీ షాపులో పిల్లి ఉంటుంది, అది అరమీదినుంచి కిందికి చూసి మాకు వీపు తిప్పేసింది. అయినా గీత గీశాను.

ప్రతిచోటా నేను నోరు విప్పాల్సి వచ్చేది. సాయంత్రానికి దవడలు నొప్పి పుట్టేవి. 

రోజూ చీకటి పడేముందు ఆవిడ దగ్గరికి వెళ్ళేవాణ్ణి. కుక్కని టైలరమ్మ దగ్గర వదిలేసి, రెండు బస్సులు మారి.

"ఇవాళ ఎవర్ని చూసింది?"

"పోస్టాఫీసు ఆవిడని."

"ఏమంది?"

"కళ్ళజోడు తీసింది."

"తీసి?"

"పెట్టుకుంది."

"నీకో దణ్ణం," అనేది. కానీ పక్క మంచాల వాళ్ళకి మర్నాడు అదే కథ పావుగంట చెప్పేదట. నాకు నర్సు చెప్పింది. పళ్ళెంలో అన్నం సగం తినడం మొదలుపెట్టింది.

"నేను నడిచే వేళకి మాత్రం ఎప్పుడూ రావు నువ్వు. ఇక్కడ నడక నేర్పే అమ్మాయి నన్ను నాలుగింటికి నడిపిస్తుంది," అంది ఒకరోజు.

"దొరసానికి పాల వేళ."

"ఊఁ," అంది, నాలాగే.

మూడు వారాలు గడిచాయి. రెండో టీకా అయింది. ఇక కింద నడిపించొచ్చు అంది డాక్టరమ్మ. షాపులో మెడపట్టీ కొని, రంగు తాళ్ళు చూశాను. చేతికి జారిపోతున్నాయి. ఇంట్లో నా కప్పీ తాడు ముక్క ఉంది. నూలుది, అరచేతికి తెలిసింది. ఒక బారెడు కోసి, చివర నా ముడి వేసి, దాని మెడపట్టీకి కట్టాను. 

అక్కణ్ణుంచి చెడింది.

సంచీలో ఉన్నన్నాళ్ళూ దొరసాని ఎవర్ని చూసినా తోక ఊపేది. కింద నడవడం మొదలెట్టిన రెండో రోజున, ఎదురుగా వస్తున్న టోపీ మనిషిని చూసి ముందరికాళ్ళు బిగబట్టి నిలబడిపోయింది. నాలుగో రోజున సైకిలతని మీద మొరిగింది. వారం తిరక్కుండా సెలూన్ అతని మీద గుర్రుమంది. చూడ్డానికి వచ్చిన మొదటి ఆడది అన్నవాడి మీద.

"ఏంటే, నాతోనే పేచీనా?" అన్నాడు. నవ్వాడుగానీ చెయ్యి మాత్రం వెనక్కి తీసుకున్నాడు.

మూలమీద చెప్పులు కుట్టే అతని దగ్గర ఒక ముసలి కుక్క ఉంటుంది. పళ్ళు లేవు, లేచే ఓపిక లేదు. ఆ రోజు అది మెల్లగా లేచి దొరసానిని వాసన చూడ్డానికి వచ్చింది. ఇది కీచుమని అరిచి పళ్ళు చూపించింది. ముసలిది విసుగ్గా తిరిగి వెళ్ళి పడుకుంది.

"దాన్ని వదులు పెద్దాయనా, మా ముసలాడు చూసుకుంటాడు," అన్నాడు చెప్పులు కుట్టే అతను.

"రోడ్డు," అన్నాను.

"రోడ్డు అక్కడుంది. ఇక్కడ పేవ్‌మెంటు. దాని పీక నొక్కేస్తున్నావ్."

నేను తాడు ఇంకో చుట్టు చేతికి చుట్టుకుని ఇంటికి వచ్చేశాను. మా మేస్త్రి మొదటిరోజే చెప్పిన మాట ఒకటే. తాడు వదులైందా, కింద ఎవడో పోయినట్టే. ముప్పై ఎనిమిదేళ్ళలో నా చేతిలో తాడు ఒక్కసారే వదులయింది. నిలువుటద్దం బిగించిన బీరువా రెండో అంతస్తునుంచి దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు, అద్దం తప్ప. కానీ ఆ చప్పుడు నాకు తెలుసు. చెప్పులు కుట్టేవాడికి తెలియదు.

కాగితం మీద అరవై ఎనిమిది గీతలయ్యాయి. అరవై ఎనిమిది మందిని చూసిన కుక్క కొత్తవాడు కనబడితే చాలు వణుకుతోంది. ఆవిడ ఇంటికి రావడానికి ఇంకా పది రోజులుంది. రాత్రుళ్ళు అది నా మంచం కిందే పడుకునేది. నిద్రలో కాళ్ళు ఆడించేది. నాకు మాత్రం నిద్ర పట్టేది కాదు. ఇంత తిరిగిందీ ఇంత మాట్లాడిందీ ఎందుకూ అనిపించేది. షెడ్డు కాపలా అతను మంచివాడే. గొలుసు పొడుగ్గానే వేస్తాడేమో. 

గురువారం ఆవిడే కబురు పెట్టింది. వార్డు వెనక పెరట్లోకి కుక్కని తీసుకురావచ్చని పెద్ద నర్సు ఒప్పుకుందట. నాలుగింటికి రమ్మంది. తప్పించుకోడానికి వీల్లేని వేళ.

మా అబ్బాయి కూడా వచ్చాడు, షిఫ్టు నుంచి నేరుగా. పెరట్లో ఒక సిమెంటు బెంచీ, కొంచెం గడ్డి, బట్టలు ఆరేసే తీగ ఉన్నాయి. నేను దొరసానిని పట్టుకుని బెంచీ పక్కన నిలబడ్డాను. తలుపు తెరుచుకుంది.

ముందు వాకర్ వచ్చింది. ఇనప నాలుగు కాళ్ళది. అది ఒక అడుగు ముందుకి పడింది, టక్కున. దాని వెనక ఆవిడ. వంగిపోయి ఉంది. జుట్టు ఎవరో దువ్వినట్టున్నారు, పాపిడి పక్కకి పోయింది. కుడికాలు ముందు పెట్టింది. పెదాలు కొరుక్కుంది. ఎడమకాలు ఈడ్చింది. పక్కన నడిపించే అమ్మాయి, "ఆ, బావుంది, ఇంకొకటి," అంటోంది. మళ్ళీ టక్కు.

ఈవిడే నీళ్ళబిందె చంకన పెట్టుకుని మూడంతస్తులు ఎక్కేది, నేను పనిచేసే చోటికి. 

దొరసాని గుర్రుమంది. మామూలుగా కాదు. వీపు మీద వెంట్రుకలు లేచాయి. తెచ్చి పేరు పెట్టిన మనిషి మీద, పాలగిన్నె చేత్తో పట్టుకున్న మనిషి మీద పళ్ళు చూపించి మొరిగింది.

ఆవిడ ఆగిపోయింది.

"చూశావా," అన్నాడు మా అబ్బాయి. గట్టిగా అనలేదు. నిజానికి వాడి గొంతులో సంతోషం ఏమీ లేదు. "అమ్మ మీదే ఇలా చేస్తే పాపని ఏం చేస్తుంది? ఆదివారం కాపలా అతన్ని రమ్మంటాను."

నేను దొరసానిని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

మా ఆవిడ కుక్కవైపు చూడటం లేదు. నావైపు చూస్తోంది. 

"ఏమయ్యా, నీ చెయ్యి చూసుకో," అంది.

చూసుకున్నాను. తాడు అరచేతికి మూడు చుట్లు చుట్టుకుని ఉంది. వేళ్ళు తెల్లబడ్డాయి. తాడు వీణ తీగలా ఉంది. దొరసాని ముందరికాళ్ళు నేలకి ఆనీ ఆనకుండా ఉన్నాయి.

"బీరువా కాదది," అంది. "ఎవరొచ్చినా అలాగే పట్టుకుంటున్నావా?"

"ఊఁ."

"మరి అది ఏమనుకుంటుంది? మనిషి కనబడ్డప్పుడల్లా నువ్వు బిగుసుకుంటే, ఏదో ప్రమాదం వచ్చిపడుతోందనే కదా? నేను పెళ్ళయిన కొత్తలో నీ పక్కన నడుస్తూ అలాగే అనుకునేదాన్ని, దొంగలు వస్తున్నారేమోనని. తర్వాత తెలిసింది, మా పిన్ని వస్తోందని."

నడిపించే అమ్మాయి నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగింది. మా అబ్బాయి కూడా నవ్వాడు, ఒక్క క్షణమే.

"ఆదివారం వరకూ ఆగరా," అంది వాడితో. "పాపని తీసుకురా. అప్పుడు చూసి చెప్పు. దొరసానికి ఇంకా భయంగా ఉంటే నేనే పంపించేస్తాను. నీ చేత పంపించనివ్వను."

వాడు సరేనన్నాడు. ఆవిడ వాకర్ తిప్పుకుని లోపలికి వెళ్ళడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఆ ఐదు నిమిషాలూ నేను గడ్డివైపు చూస్తూ నిలబడ్డాను. తాడు ఇంకా బిగిసే ఉంది. దొరసాని నావైపు తలెత్తి చూస్తోంది. ప్రమాదం పోయిందా లేదా అని అడుగుతున్నట్టు. అది ఆవిడ్ని చూసి భయపడలేదు. నన్ను చూసి భయపడింది. నేను ఆవిడ్ని చూసి భయపడ్డాను. వరసగా అంతే.

వెళ్ళబోతూ నడిపించే అమ్మాయిని అడిగాను. "పాత వాకర్ ఏదైనా ఉందా?"

"అమ్మగారికి కొత్తది ఇస్తాం కదండీ ఇంటికి."

"ఆవిడకి కాదు."

రబ్బరు అరిగిపోయినది ఒకటి ఇచ్చింది. బస్సులో అందరూ లేచి నాకు చోటిచ్చారు. వద్దని చెప్పడానికి ఓపిక లేక కూర్చున్నాను. ఒళ్ళో కుక్క, ముందు వాకర్. పక్కనున్నాయన, "ఎన్నాళ్ళయింది పడి?" అని అడిగితే, "ఐదు వారాలు" అన్నాను. ఆవిడ సంగతే కదా. అబద్ధమేం కాదు.

ఇంట్లో కుర్చీలు గోడకి జరిపి, వాకర్ పట్టుకుని వంగి నడవడం మొదలుపెట్టాను. టక్కు. కుడికాలు. ఎడమకాలు ఈడుపు. దొరసాని మంచం కిందికి దూరి అక్కణ్ణుంచి మొరిగింది. మొరగనిచ్చాను. అటు పది అడుగులు, ఇటు పది అడుగులు. మణికట్లు లాగేశాయి. ఇది ఆవిడ రోజూ చేస్తోందన్నమాట. నాలుగింటికి. 

తలుపు తీసే ఉంది. టైలరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"అయ్యో బాబాయిగారూ, మీకూ విరిగిందా?"

"లేదు."

"మరి ఇదేంటి?"

"కుక్కకి."

"కుక్కకి విరిగిందా?"

"అలవాటుకి."

ఆవిడ కాసేపు చూసింది. "పిన్నిగారు త్వరగా వచ్చేస్తే బావుండు," అని తనలో తనే అనుకుంటూ మెట్లు దిగింది. మర్నాటికి నాకు మతి చెడిందని వాటాలన్నిటికీ తెలిసింది. ఒకందుకు మేలే. చూడ్డానికి ఒక్కొక్కరే వచ్చారు. ఐదు గీతలు.

రెండో రోజు సాయంత్రానికి దొరసాని మంచం కిందినుంచి వచ్చి వాకర్ కాలు నాకింది. మూడో రోజు పొద్దున తాడు కట్టాను. రెండు చేతులూ వాకర్ మీద ఉంటే తాడు చుట్టుకోవడానికి చెయ్యి ఏది? మణికట్టుకి తగిలించుకోవాల్సి వచ్చింది. అది నేలదాకా వేలాడింది, బట్టల తీగలా. నా భుజం దానంతటదే లేచేది, లాగడానికి. వాకర్ వదిలితే పడిపోతానన్నట్టు నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. ఇది నా పక్కనే నడిచింది. నేను ఆగితే ఆగింది. లాగలేదు, ముందుకి దూకలేదు. నేను అన్నేళ్ళూ బరువుల్ని మోశాను, నిజమే. కానీ దీనికి కాళ్ళున్నాయి. 

ఆ శనివారం సాయంత్రమే వాకర్‌తో వీధిలోకి వెళ్ళాను. జనం ఏమనుకుంటే అనుకోనీ. సెలూన్ అతను గుమ్మంలోకి వచ్చాడు. దొరసాని ఆగింది. నావైపు చూసింది. నా చేతులు వాకర్ మీదే ఉన్నాయి. తాడు నేలమీద ఉంది. అది వెళ్ళి అతని చెప్పు వాసన చూసింది, అటు తర్వాత తోక ఆడించింది.

"రాజీకొచ్చావా తల్లీ?" అన్నాడు అతను. చెప్పులు కుట్టే అతని ముసలి కుక్క ఈసారి లేవలేదు. ఇదే వెళ్ళి దాని పక్కన కూర్చుంది. ముసలిది ఒక కన్ను తెరిచి మూసింది.

చెప్పులు కుట్టే అతను ఏదో అనబోయి వాకర్ చూసి ఊరుకున్నాడు. వాకర్ చూసి పలకరించడానికి ఆగినవాళ్ళతో కలిపి ఆ ఒక్క సాయంత్రమే పద్దెనిమిది గీతలు.

ఆదివారం వాకర్ తీసుకెళ్ళలేదు. రెండు బస్సుల్లో దాన్నీ దీన్నీ మోసే ఓపిక లేదు. పెరట్లో మా కోడలు గడ్డిమీద దుప్పటి పరిచి పాపని కూర్చోబెట్టింది. "మామయ్యా, మీరు నీరసంగా ఉన్నారేంటి, టీ తెమ్మంటారా?" అంది. వద్దన్నాను. మా అబ్బాయి చేతులు కట్టుకుని దుప్పటి పక్కనే నిలబడ్డాడు, ఒక్క అంగలో అందుకునేంత దూరంలో. షెడ్డు కాపలా అతన్ని గేటు దగ్గర కూర్చోబెట్టి వచ్చాడట.

తలుపు తెరుచుకుంది. టక్కు.

దొరసాని చెవి నిలబెట్టింది. మడత చెవి కూడా సగం లేచింది. నా చేతిలో ఏమీ లేదు, తాడు తప్ప. వేళ్ళు ముడుచుకోవడం మొదలుపెట్టాయి. రెండు వేళ్ళకి తాడు తగిలించి, మిగతా మూడూ బలవంతాన తెరిచి పెట్టాను. వాకర్ ఇంకో అడుగు వేసింది. దొరసాని ముందుకు నడిచి, వాకర్ నాలుగు కాళ్ళూ వరసగా వాసన చూసి, వాటి మధ్య ఉన్న మనిషిని వాసన చూసి, ఒళ్ళంతా ఊపేసింది. తోక ఒక్కటే సరిపోలేదు దానికి. ఆవిడ వాకర్ వదలకూడదు గనక వంగి ముట్టుకోలేదు. "దొరసానిగారూ, దొరసానిగారూ," అని మాత్రం అంటూ ఉంది.

ఈలోగా పాప దుప్పటి దాటింది. గడ్డిమీద పాక్కుంటూ నేరుగా తోకవైపు వస్తోంది. మా అబ్బాయి వంగాడు.

"ఉండరా," అంది ఆవిడ వాడితో. 

నా మోచెయ్యి పైకి లేచింది. నాకు తెలియకుండానే. తాడు నేలమీదినుంచి లేస్తోంది. దొరసాని వెంటనే తల తిప్పి నావైపు చూసింది. 

"దించు," అంది మా ఆవిడ.

ముప్పై ఎనిమిదేళ్ళు విన్న మాట. చెయ్యి దించాను. తాడు గడ్డిలో పడింది.

పాప వచ్చింది. మడత చెవి పిడికిట్లో పట్టుకుని లాగింది. దొరసాని కదల్లేదు. కళ్ళు నామీదే ఉన్నాయి. నా గుండె ఎంత కొట్టుకుంటోందో దానికి తెలియకూడదని ఊపిరి మెల్లగా వదిలాను. అది కుయ్‌మని చిన్నగా అంది. తల వంచి పాప మణికట్టు నాకింది. పాప పిడికిలి విప్పి నవ్వింది. దొరసాని లేచి వెళ్ళి, వాకర్ కాళ్ళ మధ్య దూరి, ఆవిడ పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. కోడలు పాపని ఎత్తుకుంది.

మా అబ్బాయి కొంచెంసేపు ఏమీ అనలేదు. ఆ విషయంలో నా కొడుకే.

"గుర్రుమనలేదు," అన్నాడు చివరికి.

"ఊఁ."

"చెవి లాగినా?"

"ఊఁ."

"పాపని దాని దగ్గర ఒంటరిగా వదిలేది లేదు. ఎవరో ఒకరు పక్కనుండాలి. దానికీ పాపకీ మధ్య ఎప్పుడూ."

"ఉంటాను," అన్నాను.

"గేటు దగ్గరాయనకి ఏం చెబుతావురా?" అంది వాళ్ళమ్మ.

"వేరేది చూసుకోమంటాలే," అని వాడు గేటువైపు వెళ్ళాడు.

లోపలికి తిరిగి వెళ్ళే వేళయింది ఆవిడకి. నడిపించే అమ్మాయి ఇంకెవరితోనో ఉంది. ఆవిడ పక్కన నేను నడిచాను. నా చెయ్యి ఆవిడ మోచెయ్యి దగ్గరికి వెళ్ళింది, గట్టిగా పట్టుకోడానికి.

"పట్టుకోకు," అంది. "పక్కనుండు, చాలు."

టక్కు. కుడికాలు. ఎడమకాలు. దొరసాని ఆ వరస తెలిసినట్టే నడిచింది. గుమ్మం దగ్గర ఆవిడ ఊపిరి తీసుకోడానికి ఆగింది.

"వందయ్యారా?"

"తొంభై ఒకటి."

"నన్ను వేశావా లెక్కలో?"

"లేదు."

"ఎందుకు వెయ్యలేదు?"

"నువ్వు కొత్తదానివి కాదుగా," అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఇంత పెద్ద మాట నీ నోటంట వచ్చి ఎన్నాళ్ళయిందో," అని, వాకర్ ముందుకి వేసింది.

ఇంటికొచ్చేసరికి మోకాళ్ళు పట్టేశాయి. కాగితం తీసి ఆవిడకో గీత, పాపకో గీత గీశాను. గొడుగు బొమ్మ పక్క గడి ఇంకా ఖాళీగానే ఉంది. వాన పడాలి. కప్పీ తాడు మేకుకి తగిలించాను. దొరసాని నా చెప్పు నమలడం మొదలుపెట్టింది. లేచి లాక్కోవాలి. కాసేపు నమలనిచ్చాను.